తాళం మారింది, నీళ్ళు మారలేదు

రైతుల చేతికి పోయే యంత్రాలను ముందుగా పరీక్షించి, పనికొస్తాయో రావో రాసివ్వడం నా ఉద్యోగం. విత్తనం వేసే గొర్రులు, మందు కొట్టే పంపులు, నూర్పిడి యంత్రాలు, మోటార్లు. సర్వీసంతా కర్నూలు, కడప జిల్లాల్లోనే గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు రూల్సు పుస్తకం చదువుకుంటారు. చదవాల్సిందే. కానీ అసలు ఇది అనుమానించే ఉద్యోగం. దేన్ని, ఎవరిని, ఎంతవరకు అనుమానించాలో ఆ పుస్తకంలో ఉండదు. నేను దాన్ని సగం సరిగ్గా, సగం తప్పుగా నేర్చుకున్నాను. ఆ తప్పు సగానికి ఒక మనిషి బలైంది. అది మీకు తెలియాలని రాస్తున్నాను.

రంగు కింద

మాది జమ్మలమడుగు దగ్గర మగ్గాల ఇల్లు. మా నాయన నూలు కొనేటప్పుడు ప్రతి కట్టనూ వాకిట్లోకి తెచ్చి ఎండలో పట్టి చూసేవాడు. అంగడాయన ఎంత తెలిసినవాడైనా సరే. ఆ బుద్ధి నాకూ వచ్చిందని ఇంట్లో అనేవాళ్ళు.

మొదటి పోస్టింగు బనగానపల్లెలో. మామిడి తోటలకు మందు కొట్టే పంపులు లారీ నిండా వచ్చాయి. కొత్త ఎర్ర రంగుతో మెరిసిపోతున్నాయి. నేను లెక్క సరిచూసి సంతకం పెట్టబోతుంటే మా పై ఇంజినీరు చెయ్యి పట్టుకుని ఆపాడు. జేబులోంచి చిన్న చాకు తీసి ఒక పంపును గీకాడు. కింద తుప్పు. పాత పంపులకు రంగేసి పంపారు.

"రంగు చూసి సంతకం పెట్టేవానికి జీతమెందుకప్పా?" అన్నాడు. "కింద ఏముండాదో చూసేదానికే నిన్ను పెట్టుకున్యారు."

ఆ రోజే నేనూ ఒక చాకు కొనుక్కున్నాను. కొన్నేళ్ళకు డీలర్లు నన్ను చాటున 'గీకుడు సారు' అనడం మొదలుపెట్టారు. నాకది గర్వంగానే ఉండేది.

'రైతు సరిగా వాడలేదు'

కడపకు బదిలీ అయ్యాక ఇంకో ఆఫీసరు కింద పనిచేశాను. ఆయన చెడ్డవాడని చెప్పలేను. గొడవలంటే భయం. యంత్రం విరిగిందని రైతు ఫిర్యాదు చేస్తే, మనం సరేనన్న యంత్రం విరిగినట్టవుతుంది కాబట్టి, ముందు రైతునే అనుమానించమనేవాడు. దానికి ఒక వాక్యం కూడా తయారుగా ఉండేది: రైతు సరిగా వాడలేదు.

గండికోట వైపు ఒక పల్లెలో ఓబులేసు అనే రైతు నూర్పిడి యంత్రం వెల్డింగు దగ్గర విరిగింది. చూడటానికి వెళ్ళాను.

"ఒక్క కళ్ళమన్నా ముగియలేదు సార్. నేనేం జేసినా దాన్ని? బరువు పెట్టినానా, ఎత్తేసినానా?" అన్నాడు.

కంకులు మరీ తడిగా వేసుంటావు అన్నాను. లేదన్నాడు. నేను ఆ వాక్యమే రాసి వచ్చాను. తర్వాతి పంటకు ప్రొద్దుటూరు దగ్గర ఇంకో ఊళ్ళో అదే రకం యంత్రం, అదే చోట, అదే వెల్డింగు దగ్గర విరిగింది. నాకు విషయం అర్థమైంది. కానీ ఓబులేసు కాగితం తిరగరాయలేదు. ఎవరూ అడగలేదు, నేనూ కదిలించలేదు. ఒకసారి రాసిన వాక్యం రెండోసారి ఇంకా సులువుగా వస్తుంది. అట్లా ఎన్నిసార్లు రాశానో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఊరికే ఎందుకిస్తారు?

రిటైర్మెంటుకు ఏడాది ముందు ఆలూరు దాటి లోపలికి ఉన్న ఒక ఊరి నుంచి అర్జీ వచ్చింది. ఆ ఊరి పేరు రాయను, వాళ్ళకది ఇష్టం ఉండదు. పదకొండు కుటుంబాలు కలిసి ఉమ్మడిగా సేద్యం చేస్తున్నాయి. తిండికి కొర్ర, జొన్న, కంది, కూరగాయలు. అమ్మకానికి వేరుశనగ. నూనె వాళ్ళ గానుగలోనే, పశువులకు మేత వాళ్ళ చేలోనే. గొర్రు, కాయలు ఒలిచే యంత్రం, గానుగ, మట్టి ఇటుకలు ఒత్తే యంత్రం అన్నీ వాళ్ళే తయారు చేసుకున్నారు. వాటిని పరీక్షించి రాసిస్తే పక్క ఊళ్ళవాళ్ళు కూడా ధైర్యంగా చేసుకుంటారని అర్జీ.

వెళ్ళేసరికి షెడ్డుకు తాళం వేసి ఉంది. ముందు ఒకామె నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. పేరు ఈరమ్మ. యంత్రాల పని, నీళ్ళ పని అంతా ఆమే చూస్తుందని తర్వాత తెలిసింది.

"ఎవరు పంపినారు నిన్ను?" అంది.

"డిపార్టుమెంటు. అర్జీ పెట్టింది మీరే కదమ్మా?"

"పెట్టింది మేమే. రావాల్సిన మనిషివి నువ్వేనని ఎట్ల తెలుస్తాది సార్? పోయిన నెల ఒకాయన ఇట్లే బ్యాగేసుకోని వచ్చినాడు. పొలమంతా తిరిగి కొలుచుకోని పాయ. ఏంటికప్పా అంటే నవ్వినాడు."

నా గుర్తింపు కార్డు ఫోన్‌లో ఫోటో తీసుకున్నాకే తాళం తీసింది. ఆ కొలిచిన మనిషి సోలార్ పలకల కోసం భూములు చూస్తున్నవాళ్ళ తాలూకు. నాకు కోపం రాలేదు, పైగా మెచ్చుకున్నాను. నాలాంటి మనిషే అనుకున్నాను.

లోపల వెల్డింగు చేస్తున్న మహబూబ్ కళ్ళద్దాలు పైకెత్తి పలకరించాడు. ఆలూరులో ట్రాలీలు చేసే షాపు మానేసి ఈ గుంపులో చేరాడు. ఈ యంత్రాల డ్రాయింగులు ఏ కంపెనీవి అని అడిగాను.

"కంపెనీ లేదు సార్. ఓపెన్ సోర్స్ అంటారు. బొమ్మలు, కొలతలు అన్నీ నెట్‌లో ఉండాయి. ఎవరన్నా దింపుకోవచ్చు, చేసుకోవచ్చు. మనం ఏమన్నా మారిస్తే, ఏం మార్చినామో మళ్ళా ఆడ పెట్టాల. అదొక్కటే కట్టుబాటు."

"ఊరికే ఎందుకిస్తారయ్యా ఎవరైనా?"

మహబూబ్ నవ్వాడు. ఈరమ్మ నవ్వలేదు. "ఆ అనుమానం మాకూ ఉండాది సార్. అందుకే ప్రతి నట్టూ ఇప్పి చూసినాం. ఇప్పి చూడనియ్యని మిషన్ ఒగటి గూడా ఈ షెడ్డులోకి తేలేదు."

ఎందుకు మొదలుపెట్టారంటే, పదును కోసం అంది. వాన పడ్డాక భూమి విత్తడానికి అనువుగా ఉండేది రెండు మూడు రోజులే. ఆ రెండు రోజుల్లో బాడుగ ట్రాక్టర్లూ గొర్రులూ పెద్ద రైతుల చేలలోనే ఉంటాయి. వీళ్ళ వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. "యాడాదంతా చేసే కష్టం ఆ రెండు దినాల్లోనే పోతాండె సార్," అంది.

వాళ్ళ గొర్రును నల్లరేగడిలో నడిపించి చూశాను. పళ్ళకు మట్టి అంటుకుని విత్తనం సరిగా పడలేదు. తప్పు దొరికిందని సంబరపడ్డాను. మహబూబ్ లోపలికి పోయి వేరే రకం పళ్ళు తెచ్చి బిగించాడు. "మాకూ అంతే అయ్యె సార్. యాడనో ఎర్రనేలకు గీసిన బొమ్మ అది. మనం చెప్తే గుజరాత్‌లో ఎవరో పళ్ళు మార్చి గీసి పెట్టినాడు." ఈసారి విత్తనం సమానంగా పడింది.

ఎవరా గుజరాత్ మనిషి, చదువేమిటి, డ్రాయింగు మీద ఎవరి సంతకం ఉంది అని అడిగాను. వాళ్ళకు తెలియదు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తప్పు జరిగితే నిలదీయడానికి ఒక మనిషి ఉండాలి. వందమంది గీసిన బొమ్మలో తప్పుంటే ఎవరిని అడుగుతావు? అయితే సంతకాలున్న యంత్రాలు ఓబులేసుకు చేసిందేమిటన్నది కూడా నాకు తెలుసు కాబట్టి గట్టిగా వాదించలేదు.

నీళ్ళ పెట్టె

పొలానికంతా ఒకటే బోరు, పగలు కొన్ని గంటలే కరెంటు. పనీ నీళ్ళూ ఉమ్మడే అయినా వేరుశనగ మాత్రం ఇంటికొక మడి, ఏ మడి కాయ ఆ ఇంటిదే. ఆ ఒక్క బోరు నీళ్ళను పదకొండు మడులకు పంచడానికి ఒక పెట్టె తయారు చేసుకున్నారు. అది కూడా నెట్‌లో దొరికిన డ్రాయింగే. ప్రతి మడిలో భూమిలోకి రెండు కాళ్ళ లోహపు పుల్ల గుచ్చి ఉంటుంది. అది తేమ ఎంతుందో పెట్టెకు చెబుతుంది. అన్నిటికన్నా ఏ మడి ఎక్కువ ఎండిందో చూసి పెట్టె ముందు ఆ మడి వాల్వు తెరుస్తుంది. ఏ వాల్వు ఎంతసేపు తెరిచిందో రాసి పెట్టుకుంటుంది. నీళ్ళ దగ్గర తగువులు రాకూడదనే మనిషిని తీసేసి పెట్టెను పెట్టుకున్నారు. పెట్టె తాళం ఈరమ్మ దగ్గర.

రెండోసారి తనిఖీకి వెళ్ళింది వేరుశనగకు ఊడలు భూమిలోకి దిగి కాయ పట్టే సమయంలో. అప్పుడు నీళ్ళు తప్పితే కాయ ఉండదు. మడులు చాలావరకు వాడిపోయి ఉన్నాయి. ఒక్క ఈరమ్మ మడి మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది.

నాగిరెడ్డి నన్ను పక్కకు పిలిచాడు. పొలంలో ఎక్కువ భాగం ఆయనదే, కౌలుకిచ్చాడు. కర్నూలులో లారీల వ్యాపారం. సొంతానికి ఉంచుకున్న ఐదెకరాలు కూడా ఈ ఉమ్మడిలోనే కలిపాడు, పదకొండు మడుల్లో ఒకటి ఆయనదే.

"సార్, నేను చదువుకున్యోన్ని కాదు. ఆ పెట్టె నాకు తెలీదు. నీకు తెలుసు. తాళం ఒక్కరి చేతిలో ఉండాది, పచ్చంగా ఒక్కరి మడి ఉండాది. చూసి చెప్పు."

పెట్టె తెరిచి లెక్కలు చూశాను. ఈరమ్మ మడి వాల్వు మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువసేపు తెరిచి ఉంది. కరెంటు ఉన్న గంటల్లో సింహభాగం అక్కడికే పోయింది. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. షెడ్డులో పదకొండు కుటుంబాలూ కూర్చుని ఉండగా చెప్పేశాను.

"పెట్టె తనంతట తాను ఇట్లా చేయదు. దాన్ని తెరిచి మార్చగలిగింది ఒక్కరే. మిగతాది మీకే అర్థమవుతుంది."

ఈరమ్మ లేచి నిలబడింది.

"నేను మార్చలేదు సార్."

"మరి నీ మడికే ఎందుకు పోయాయి నీళ్ళు?"

"తెలీదు."

"తెలీదంటే ఎట్లా? తాళం నీ దగ్గరే ఉంది కదా."

"తెలిసింటే చెప్పకుందునా?" అంది. చెంగు ముడి విప్పి తాళం తీసి పెట్టె మీద పెట్టింది. వెళ్ళిపోయింది. ఆమె వెనకాల ఒక్కరూ లేచి వెళ్ళలేదు. మహబూబ్ మాత్రం నావైపు చూసి తల వంచుకున్నాడు.

నాగిరెడ్డి తాళం తీసుకున్నాడు. ఈ పంటతో ఉమ్మడి చాలు, ఎవరి దారి వాళ్ళు చూసుకోండి, సోలార్ వాళ్ళు అడుగుతున్నారు అన్నాడు. తప్పు కనిపెట్టినవాడి తృప్తితో నేను బస్సెక్కాను.

పుల్ల

పది రోజుల తర్వాత ఆఫీసులో ఉండగా మహబూబ్ ఫోన్ చేశాడు.

"సార్, తాళం మారింది. నీళ్ళు మారలేదు."

"అంటే?"

"తాళం నాగిరెడ్డప్ప దగ్గర ఉండాది. ఈరమ్మ పొలం మొకం చూడలేదు. కానీ నీళ్ళు ఇప్పుడు గూడా ఆమె మడికే పోతాండాయి."

మరుసటి రోజు పత్తికొండ మీదుగా బస్సులో వెళ్తూ నేనేం ఆలోచించానో కూడా దాచకుండా చెబుతాను. నాగిరెడ్డిని అనుమానించాను. భూమి వెనక్కి లాక్కోవడానికి ఆయనే ఇదంతా చేశాడని దారి పొడవునా కథ అల్లుకున్నాను. ఒక మనిషి కాకపోతే ఇంకో మనిషి. అంతే తప్ప వేరే దిక్కుకు నా బుర్ర పోలేదు.

నాగిరెడ్డి తాళం నా చేతిలో పెట్టి, "ముట్టుకోవాలన్నా భయమే సార్," అన్నాడు. "నా శెనక్కాయే ఎండిపోతాంటే నేనేంటికి జేస్తా?" ఆయన మడి నిజంగానే అందరికన్నా ఎక్కువ ఎండింది.

అప్పుడు వెళ్ళాను ఈరమ్మ మడిలోకి. ఒక మూల భూమి మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది. చౌడు. పుల్ల సరిగ్గా ఆ మూలనే గుచ్చి ఉంది. పీకితే పైన తొడుగు మాత్రం వచ్చింది. మట్టిలో ఉండాల్సిన రెండు కాళ్ళనూ ఉప్పు తినేసింది. కాళ్ళు లేని పుల్ల పెట్టెకు ఒకటే మాట చెబుతోంది: ఎండింది, ఎండింది, ఎండింది. పెట్టె నమ్మి నీళ్ళు ఇస్తూనే ఉంది. మహబూబ్ కొత్త పుల్ల గుచ్చాడు. కాసేపట్లోనే పెట్టె ఆ మడి తడిసి ముద్దయిందని చూపించి వాల్వు మూసేసింది.

ఊరూరా పంపుల రంగు గీకి చూసినవాణ్ణి. ఆ రోజు పది అడుగులు నడిచి ఒక పుల్ల పీకి చూడలేదు. ఎందుకంటే యంత్రం కన్నా మనిషిని అనుమానించడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. ఓబులేసు దగ్గర మొదలైంది అది.

ఎక్కడ అన్నావో అక్కడ

ఈరమ్మ రెండు ఊళ్ళ అవతల పత్తి తీయడానికి కూలికి పోతోంది. మహబూబ్ బండి మీద తీసుకుపోయాడు. నన్ను చూసి కూడా చేతులు ఆపలేదు. పత్తి సాళ్ళ మధ్య ఆమె వెంట నడుస్తూ పుల్ల సంగతి చెప్పాను. తప్పు నాదేనన్నాను.

"ఈడ చెప్తే ఎవరికి ఇనపడ్తాది సార్?" అంది. "యాడ అన్నావో ఆడ చెప్పు."

మధ్యాహ్నం షెడ్డులో ఈరమ్మతో సహా అందరినీ కూర్చోబెట్టి, ఉప్పు తినేసిన ఆ పుల్లను చేతులు మార్చి అందరికీ చూపించాను. చూడకుండా మాట్లాడాను, ఈరమ్మ ఏ తప్పూ చేయలేదు అని చెప్పాను. అంతమంది ముందు నేను తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి.

నాగిరెడ్డి, "మిషన్ తప్పయితే మిషన్ని పీకి పారేద్దాం. తాళం నువ్వే తీసుకోమ్మా," అన్నాడు.

ఈరమ్మ తీసుకోలేదు. "మిషన్ని ఏంటికి పారేసేది? తప్పు యాడుండాదో తెలిసిపాయ గదా. పారేయాల్సింది తాళాన్ని. పెట్టె మూత తీసే ఉండనీ. పొద్దున్నే ఎవరి మడిలో వాళ్ళు జానెడు తవ్వి చేత్తో మట్టి పిసికి చూడాల. పుల్ల చెప్పింది, చెయ్యి చెప్పింది, రెండూ గోడ మీద రాయాల. రెండిటికీ కుదరకపోతే ఆ దినం నీళ్ళు ఇడిచేది లేదు." తర్వాత తనవాళ్ళందరి మొహాలూ వరసగా చూసింది. "సార్ బయటోడు. ఒక దినం చూసి అన్యాడు, పోయినాడు. మీరు ఇన్నేండ్లు నాతో తిన్యారు. ఒక్కరన్నా పుల్ల పీకి చూద్దామంటిరా?"

మహబూబ్ ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు.

చౌడు నేలలో పుల్ల ఎట్లా పాడవుతుందో, పాడైతే పెట్టె ఏమని అబద్ధం చెబుతుందో వాళ్ళు నెట్‌లో పెట్టారు. దాని వల్ల ఒక మనిషి మీద నింద పడిందని కూడా రాయాలని మహబూబ్‌తో చెప్పి పంపింది ఈరమ్మ. ఆ ముక్క నేనే రాశాను. కొన్ని వారాలకు ఎవరో తుప్పు పట్టని రకం పుల్ల గీసి పంపారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడు కాయ సరిగా రాలేదు. రెండు కుటుంబాలు ఉమ్మడి నుంచి వెళ్ళిపోయాయి. నాగిరెడ్డి కౌలు రద్దు చేయలేదు, కానీ ఏడాదికేడాదికి మాత్రమే రాసిస్తున్నాడు. ఇంకా ఎటూ తేల్చుకోలేదని నా అనుమానం. ఈరమ్మ తిరిగి వచ్చింది. మునుపటిలా అందరితో కూర్చుని తినడం మాత్రం లేదని మహబూబ్ చెప్పాడు.

కొత్తగా చేరేవాళ్ళకు చెప్పేది ఇంతే. ఒక మనిషి పేరు కాగితం మీద పెట్టే ముందు యంత్రాన్ని పూర్తిగా విప్పండి. విప్పి చూశాక కూడా మనిషి తప్పే కనబడితే రాయండి, వెనకాడొద్దు. దొంగలు లేరని నేను అనడం లేదు, రంగేసిన పంపులు నా కళ్ళతో చూశాను. ఊరికే ఇచ్చేదాన్ని కూడా అనుమానించండి, మూత తీసి చూడనిస్తే సగం నమ్మండి. మీ ఆఫీసరు తయారుగా ఉన్న వాక్యం ఇస్తే మాత్రం ఆ రోజు నుంచి ఆయన్ని కూడా ఒక కంట కనిపెట్టండి.

నేను రిటైరై ఇంట్లో ఉంటున్నాను. మొన్న ఈరమ్మ ఫోన్ చేసింది. ఆ పత్తి చేను తర్వాత నాతో ఆమె నేరుగా మాట్లాడటం అదే.

"కొర్రలు దంచే మిషన్ ఒగటి చేసినాం సార్. వచ్చి చూస్తావా?"

"నన్ను నమ్మి పిలుస్తున్నావా ఈరమ్మా?" అన్నాను.

"నమ్మి ఏం కాదు," అంది. "ఈడ అందరూ శానా బాగుండాదంటాండారు. నాకు భయమైతాంది. నువ్వైతే ఊరికే బాగుండాదనవు గదా, అందుకు పిలుస్తాండా."

రేపు పొద్దున బస్సుకు వెళ్తున్నాను.